ఎత్తలేదు

ఫిజియోథెరపీ చదివి కొత్తగా పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. మంచం పట్టిన మనిషి లేచి పరుగెత్తిన కథ చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివి నాలుగైదు లేకపోలేదు గానీ, నాకు ముందుగా గుర్తొచ్చేది లేవని చెయ్యి కథ. ప్రొద్దుటూరులో పాతవాళ్లనడిగితే అది నా ఓటమి అనే చెబుతారు. నేనూ ఇన్నాళ్లు కాదనలేదు. అందులోని పెద్దమనుషుల్లో చాలామంది ఇప్పుడు లేరు, ఉన్నవాళ్లకు కోపం తెచ్చుకునే ఓపిక లేదు. అందుకే రాస్తున్నాను. పేర్లు మాత్రం అడగొద్దు.

మాది జమ్మలమడుగు. చదువు కాగానే పులివెందులలో కొంతకాలం చేసి, తర్వాత ప్రొద్దుటూరులో ఒక ఎముకల డాక్టరు గారి నర్సింగ్ హోములో చేరాను. మేడమెట్ల కింది గది నాది. వేడినీళ్ల తొట్టి, కాపడం మూటలు, బుద్ధి పుట్టినప్పుడు పనిచేసే కరెంటు మిషను, తలుపు పైన కప్పీ, దానికో తాడు, చేతివేళ్లతో ఎక్కడానికి గోడ మీద నిచ్చెనమెట్లలాగా నేను గీసిన గీతలు. సాయానికి ఒక ఆయమ్మ. ఆడవాళ్లకు వైద్యం చేసేటప్పుడు ఆమె పక్కన ఉండాలన్నది డాక్టరు గారి నియమం. ఉన్నంతసేపూ మాట్లాడుతూనే ఉండాలన్నది ఆమె నియమం.

ఫ్యాక్షన్ ముదిరిన రోజులవి. నాటుబాంబు పేలి వేళ్లు పోయిన చేతులు, కొడవలి దెబ్బ తిని అతికిన భుజాలు మా గదికే వచ్చేవి. రెండు పార్టీల మనుషులూ ఒకే బెంచీ మీద కూర్చోకుండా ఒకరికి పొద్దున, ఒకరికి సాయంత్రం టైం ఇచ్చేవాళ్లం. నొప్పి మాత్రం ఇద్దరికీ ఒకటే. మూలిగేటప్పుడు ఎవరిది ఏ పార్టీయో చెప్పడం కష్టం.

అలాంటి ఒక పొద్దున రెండు సుమోలు వచ్చి గేటు ముందు ఆగాయి. దిగింది ఒక నాయకుడు. తరతరాలుగా భూములున్న కుటుంబం. చుట్టుపక్కల పల్లెల్లో ముసలివాళ్లు కూడా ఆయన్ను "అన్నా" అనే పిలిచేవాళ్లు. మా డాక్టరు గారు వయసులో ఆయనకంటే పెద్ద, అయినా అన్నా అనే అనేవారు. ఆయన వెనక యాభై ఏళ్ల ఒక ఆడమనిషి, కుడిచేతిని కడుపుకు ఆనించి, మోచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది. భుజం పట్టేసిన వాళ్లంతా అలాగే వస్తారు, చంకలో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు.

"డాక్టరూ, ఈమె మా మెంబరు," అన్నాడు అన్న. "పుట్టింది సింహాద్రిపురం తట్టు, మెట్టినిల్లు మా ఊరు. రిజర్వేషన్లో నిలబెట్టి గెలిపించుకున్న్యాం. నెలన్నరకు మండలం ఎలక్షను. ఆ పొద్దు చెయ్యెత్తల్ల. చూస్తే ఈమె చెయ్యి లేస్తాలేదు. నువ్వు లేపల్ల."

చిన్నవాళ్లకు ఇక్కడొక సంగతి చెప్పాలి. మండలాధ్యక్షుణ్ణి గెలిచిన మెంబర్లు ఎన్నుకుంటారు. అది చీటీల మీద ముద్ర వేసే ఓటు కాదు. ఆఫీసరు అభ్యర్థి పేరు చదువుతాడు, మెంబర్లు చెయ్యెత్తుతారు, తలలు లెక్కపెట్టినట్టు చేతులు లెక్కపెడతారు. ఎవరు ఎవరికి ఎత్తారో గదిలో అందరికీ కనిపిస్తుంది, అరగంటలో ఊళ్లన్నిటికీ తెలిసిపోతుంది. ఆ మండలంలో బలం ఎంత దగ్గరగా ఉందంటే, ఈమె చెయ్యి లేస్తే అన్న మనిషి అధ్యక్షుడు, లేవకపోతే ఇద్దరూ సమానం.

మా డాక్టరు గారు మెల్లిగా, "కుడిది లేవకపోతే ఎడమ చెయ్యి ఎత్తకూడదా అన్నా?" అన్నారు.

అన్న ఆయన వైపు జాలిగా చూశాడు. "ఎడం చేత్తో ఓటేందప్పా! పెండ్లిలో ఎడం చేత్తో తలంబ్రాలు పోస్తారా? రేప్పొద్దున అవతలోళ్లు చెల్లదని కోర్టుకు పోతే నువ్వొస్తావా సాక్ష్యానికి?"

గదిలో ఉన్న వాళ్లమంతా తలలూపాం. రూలు ఏముందో ఎవరికీ తెలియదు, ఎవరూ ఎవర్నీ అడగలేదు. నేనూ ఈ నీళ్లు తాగినవాణ్ణే. ఎడమచెయ్యి చెల్లదంటే చెల్లదనే అనుకున్నాను.

భుజం పట్టేయడమంటే కీలు చుట్టూ ఉండే సంచి ముడుచుకుపోవడం. తడిసిన తోలుచెప్పు ఎండకు బిగుసుకున్నట్టు బిగుసుకుంటుంది. మొదట నొప్పి, తర్వాత బిగుసుదనం, ఆ తర్వాత మెల్లిగా వదులు కావడం. ఏడాదో రెండేళ్లో పడుతుంది. షుగరున్న వాళ్లను ఎక్కువగా పట్టుకుంటుంది. ఈమెకు షుగరు ఉంది. డాక్టరు గారు, మత్తిచ్చి ఒక్కసారి విరిచి వదులు చేద్దామా అన్నారు. ఆ పద్ధతి ఉంది గానీ, ఆమె ఎముకలు అంత గట్టివి కావని నాకు భయం. పైగా నొప్పి చాలావరకు తగ్గి బిగుసుదనమే మిగిలిన దశలో వచ్చింది. ఓపిక పడితే లేస్తుందన్నాను. "నీ మాట మీద వదిలేస్తున్నా. లేవకపోతే ఆయనకు నువ్వే చెప్పుకోవాలి. నాకు పెళ్లాం పిల్లలున్నారు," అన్నారాయన. నాకూ ఉన్నారని ఆయనకు గుర్తు రాలేదు.

మిగతా మెంబర్లను ఎక్కడో ఊటీలోనో బెంగళూరులోనో దాచారు. ఈమెకు వైద్యం కావాలి కాబట్టి ప్రొద్దుటూరులోనే ఒక ఇంట్లో ఉంచారు. రోజూ ఇద్దరు మనుషులు సుమోలో తెచ్చి, బయట బెంచీ మీద కూర్చుని బీడీలు కాల్చి, మళ్లీ తీసుకుపోయేవాళ్లు. లోపల ఆయమ్మ కాపడం పెట్టేది. నేను భుజపు గుండును మెల్లిగా కిందికీ వెనక్కీ జరిపేవాణ్ణి. తర్వాత ఆమె ముందుకు వంగి చేతిని వేలాడేసి ఊపాలి, కర్ర రెండు చేతుల్తో పట్టుకుని పైకి తొయ్యాలి. కర్ర ఇవ్వగానే ఆమె ముఖం వెలిగింది. జీవాలు, అంటే గొర్రెలూ మేకలూ, కాసే ఇంటి మనిషి. నేను చూపించకముందే కర్రను భుజాల వెనక అడ్డంగా వేసుకుని రెండు చేతులూ దాని మీద వాల్చబోయింది. కుడిచెయ్యి రాలేదు. "ముందర ఇట్ల ఏసుకోనే పొద్దుగుంకేదాకా తిరుగుతాంటి నాయనా," అంది.

నేను చాదస్తంగా ఒక మాట చెప్పేవాణ్ణి. "అమ్మా, నేను ఎత్తితే అది లేచినట్టు కాదు. నువ్వెత్తుకుంటేనే లేచినట్టు."

"సరే నాయనా, నేనే ఎత్తుకుంటా. యాడ నొప్పి లేస్తాదో ఆడ నిలబెడతా."

ఆయమ్మ మధ్యలో దూరేది. "మెంబరమ్మా, నీ చెయ్యికుండే ఇజ్జత్ మా ఇంట్లో ఎవురికీ లేదమ్మా. దానికోసరం రెండు బండ్లు కాపలా!"

ఆమె నవ్వేది గానీ ఆ నవ్వులో పస ఉండేది కాదు. నేను నొప్పి వల్ల అనుకున్నాను.

పది పన్నెండు రోజులకు చెయ్యి భుజం ఎత్తు దాటింది. ఆ మర్నాడు వచ్చేసరికి మళ్లీ కడుపుకు అతుక్కుని ఉంది. ముట్టుకుంటే కేక. ఏమైందంటే, ముందురోజు సాయంత్రం ఆ ఇంట్లో అన్న మనుషులు రిహార్సల్ పెట్టారు. ఒకడు ఆఫీసరు వేషం కట్టి పేరు చదివాడు. ఈమె చెయ్యి సగంలో ఆగేసరికి, ఇంకొకడు వెనక నుంచి పట్టుకుని పైకి లాగాడు. "ఇంకొంచెమే గదా తక్కువ, ఒక పట్టు పడితే సరిపోతాది అనుకున్న్యాం సార్," అన్నాడు వాడు, మంచిపని చేసిన ముఖంతో. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. నాకు ఒళ్లు మండింది. సుమో దగ్గరికి పోయి, అన్న ఉన్నాడని కూడా చూడకుండా అరిచాను. "ఇంకొకసారి ఎవరైనా ఆ చెయ్యి ముట్టుకుంటే ఈ గదికి తీసుకురావద్దండి!" అన్న కోపం తెచ్చుకోలేదు. ఆ లాగినవాడి చెంప మీద ఒకటిచ్చి, "విన్న్యావా?" అన్నాడు. అంతటితో రిహార్సల్సు ఆగిపోయాయి.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఐసు, మెల్లిగా ఊపడం, గోడ మీద వేళ్లతో ఎక్కడం. ఎలక్షను ఇక రేపనగా, ఆమె గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో ఒక్కో గీతే ఎక్కుతూ చివరి గీత దాటింది. "గోడ వదిలేసి ఎత్తమ్మా," అన్నాను. ఎత్తింది. చెయ్యి చెవిని తాకింది.

నాకు ఎంత సంబరమంటే ఆయమ్మను పట్టుకుని గంతులేయడమొక్కటే తక్కువ. బయటున్న వాళ్లను పిలిచి చూపించాలని తలుపు వైపు తిరిగాను. ఆమె ఆ చేత్తోనే నా మణికట్టు పట్టుకుంది.

"పిలవద్దు నాయనా. నీకు దండం పెడతా, పిలవద్దు."

ఆయమ్మ చేస్తున్న పని ఆపేసింది. మెంబరమ్మ గొంతు తగ్గించి చెప్పింది.

"నా బిడ్డను ఇదే మండలంలో అవతలి పార్టీ ఊళ్లోకిచ్చినాం. ఇచ్చినప్పుడు ఈ గలాటాల్లేవు. అల్లుడు ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడుపుతాడు, మంచోడు. వాళ్ల పెదనాయన మొదట్లోనే కబురు పెట్టినాడు. మీయమ్మ చెయ్యి లేసిందంటే నువ్వు మూట సర్దుకో అని బిడ్డతో అన్న్యాడంట. అల్లుడు అడ్డం పోతే వాణ్ణి గూడా వదలరు. ఈ తట్టు జూస్తే, మా జీవాలు మేసేది అన్న బీళ్లల్లో. మేము ఉండే కొట్టం అన్న చేలో. నేను ఎత్తను అన్న్యానంటే మా ఆయన్ను ఊళ్లో నిలబడనియ్యరు. ఎత్తను అంటే ఒక కొంప, ఎత్తితే ఒక కొంప. కానీ నాయనా, పాపం ఆ మెంబరమ్మ చెయ్యి ఎత్తలేదు అంటే ఎవురూ ఏమీ అనరు గదా?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఈమె ఆ రెంటి మధ్యా నెలన్నర నుంచీ నా గదిలో కర్ర పట్టుకుని కసరత్తు చేస్తోంది, నాకు తెలియలేదు. "మరి ఇంత కష్టపడి ఎందుకు లేపుకున్నావమ్మా?" అన్నాను. కొంచెం కోపంగానే అన్నాననుకుంటాను.

"నొప్పి పోతాదంటివి గదా నాయనా," అంది. "అది నా చెయ్యే గదా."

బయటివాళ్లు లోపలికి తొంగి చూశారు. ఆయమ్మ వాళ్ల ముఖాన, "ఇంకా లేస్తాలేదప్పా, పోండి పోండి," అనేసింది. నేను మాట్లాడలేదు. మాట్లాడకపోవడంతోనే నేనూ అందులో చేరిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకు సుమోలు వచ్చాయి. ఈసారి నాలుగు. అన్న ముందు, ఆమె వెనక, ఆమె వెనక తుండుగుడ్డ నలుపుకుంటూ ఆమె భర్త. ఆయనకు ఏమీ తెలియదని ముఖం చూస్తేనే అర్థమైంది. అన్న నిలబడే చెప్పాడు. "నా మనిషి పేరు సదివితే ఈమె చెయ్యి ఇంత లేపి దించేసిందంట. ఆఫీసరు, కుడిచెయ్యి లేవకపోతే ఎడంచెయ్యైనా ఎత్తొచ్చమ్మా అన్న్యాడంట. శుభమా అని ఓటేస్తా ఎడం చెయ్యేంది సార్, మా ఇంటావంటా లేదు అనిందంట! దానికి ఈ తట్టోళ్లు ఆ తట్టోళ్లు అందరూ తలకాయలూపినారంట! సమానమైతే చీటీ ఏసినారు. చీటీ వాళ్లకు తగిలింది."

ఎడమచేతి సంగతి మొదట చెప్పింది ఆయనే అని ఆయనకు గుర్తు చేసే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు.

"డాక్టరూ, నా కండ్ల ముందర ఎత్తించి చూపించు. ఎత్తలేదా, ఎత్తలేదా నాకు తెలియల్ల." నన్నూ ఆయన డాక్టరనే పిలిచేవాడు. మొదటిదాన్ని మెల్లిగా, రెండోదాన్ని పళ్లు బిగబట్టి అన్నాడు.

ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాను. ఇక్కడ పనిలోని ఒక కిటుకు చెప్పాలి. చెయ్యి పైకి లేచేది ఒక్క భుజం కీలు వల్లే కాదు, వీపు మీది రెక్క ఎముక కూడా దానితో పాటు తిరగాలి. ఆ రెక్కను అరచేత్తో అదిమిపెడితే ఎంత ఆరోగ్యవంతుడి చెయ్యైనా సగం దాటి కొంచెం పోయి ఆగిపోతుంది. కీలు ఎంత బిగుసుకుందో చూడడానికి మేము రోజూ అలాగే పట్టుకుంటాం. నేను ఆమె వెనక నిలబడి, ఎడమ అరచెయ్యి రెక్క ఎముక మీద పెట్టి గట్టిగా అదిమాను. కుడిచేత్తో ఆమె చెయ్యి పైకి తీసుకుపోయాను. భుజం ఎత్తు దాటి ఆగింది. ఆమెకు అర్థమైంది. "అబ్బా!" అని మూలిగింది. ఆ మూలుగు నిజమైనదే, అంత గట్టిగా అదిమాను.

"దీని మీదికి పోదన్నా," అన్నాను.

"అంటే ఎత్తలేదా?"

"ఎత్తలేదన్నా."

మగవాడి గురించైతే మన భాషలో రెండు మాటలున్నాయి. ఎత్తలేదు అంటే ఎత్తకుండా ఊరుకున్నాడని, ఎత్తలేడు అంటే చేతకాదని. ఆడమనిషికి ఆ రెంటికీ కలిపి ఒకటే మాట. ఆరోజు అన్న విన్నది ఒకటి, నేను అన్నది ఒకటి. ఇద్దరి చెవులకూ అబద్ధం తగల్లేదు.

అన్న డాక్టరు గారి వైపు తిరిగాడు. ఆయన ఎముకల డాక్టరు. నా ఎడమచెయ్యి ఎక్కడుందో ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఆయన ఫ్యాను వైపు చూస్తూ, "మొండి భుజమన్నా. షుగరు మనిషి కదా. తనంతట తనే వదలాలి, ఏడాదో రెండేళ్లో పడుతుంది," అన్నారు. పెళ్లాం పిల్లలున్న మనిషి అంత మాట అన్నందుకు ఆయన మీద నాకు అప్పట్నించీ గౌరవం.

అన్న చాలాసేపు ఆమె చేతినే చూశాడు. చివరికి, "ఎత్తను అనింటే వేరే కత. ఎత్తలేదు గదా, ఏం చేస్తాం," అన్నాడు. ఆమె భర్త భుజం తట్టి, "ఇంటికి తీసుకపో మామా," అన్నాడు. గడప దాటుతూ నా వైపు తిరిగి, "నువ్వు మాత్రం గాడిదలు కాసుకో పో డాక్టరూ," అని పోయాడు.

వాళ్లు పోయాక డాక్టరు గారు, "నీ ఎడమచెయ్యి బాగా పనిచేస్తుందయ్యా," అన్నారు. అంతకు మించి ఆ సంగతి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ తర్వాత కొంతకాలం నా గది బోసిపోయింది. "ఒక మెంబరమ్మ చెయ్యే లేపలేకపోయినాడు, ఇంక మనవేం లేపుతాడు" అని ఊరంతా అనుకున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనయ్యేది. నా సర్వీసులో అంత చక్కగా వదులైన భుజం ఇంకొకటి లేదు, దాన్ని నేను ఎవరికీ చూపించుకోలేను.

ఆమెను మళ్లీ చూసింది జమ్మలమడుగు బస్టాండులో. చాలా నెలలు గడిచాయి. కుడిచెయ్యి కడుపుకు ఆనించి, మోచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ జనమున్నారు కాబట్టి నటిస్తోందనుకున్నాను. సోడా బండి వెనక్కి తీసుకుపోయి, మోచెయ్యి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పి చూశాను. తిరగలేదు. నా అరచెయ్యి రెక్క మీద లేదు. నిజంగానే మళ్లీ బిగుసుకుపోయింది.

"ఏందమ్మా ఇది? ఏడాదికి దానికదే వదులుతుందని డాక్టరు గారు అందరి ముందూ చెప్పారు కదా! ఎత్తినా ఎవరూ ఏమీ అనరు."

"ఎవురు సూస్తాంటారో ఎవురికి తెలుసు నాయనా. ఆపొద్దే బాగుండిందేమో అనే అనుమానం వస్తే సాలు గదా. అందుకే ఇంట్లో గూడా ఎత్తల్యా. మా ఆయన నోట్లో మాట నిలవదు, ఆయనకూ చెప్పల్యా."

"రాత్రిపూట తలుపేసుకుని కసరత్తు చేసుకోవాల్సింది."

"కొట్టానికి తలుపేడుండాది నాయనా, తడిక గదా." నవ్వింది. "బిడ్డకు కొడుకు పుట్టినాడు. అల్లుడు బాగుండాడు. జీవాలు గూడా బాగా ఈనినాయి."

నా దగ్గరికి రమ్మన్నాను, ఎవరికీ తెలియకుండా చేస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. పదవి ఉన్నన్నాళ్లు చెయ్యి ఇట్లే ఉంటుందంది. వైద్యం తెలిసి, వైద్యం చేయకుండా ఆమెను బస్సెక్కించాను. నా ఉద్యోగంలో నేను చేసిన కష్టమైన పని ఏదంటే అదే. ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కలేక అవస్థ పడుతుంటే చెయ్యి పట్టి లాగాలనిపించింది. కుడిచెయ్యి ముట్టుకోకూడదు కాబట్టి వెనక నిలబడి చూస్తూ ఊరుకున్నాను.

తర్వాత మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఈసారి ఆ సీటుకు ఆడవాళ్ల రిజర్వేషన్ పోయి ఒక మగవాడు గెలిచాడు. కొత్త మెంబర్లు ప్రమాణం చేసిన వారంలోనే అనుకుంటాను, ఒక పొద్దున తలుపు దగ్గర అలికిడైతే చూశాను. సుమోలు లేవు, బస్టాండు నుంచి నడిచి వచ్చారు. భర్త బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె లోపలికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే స్టూలు మీద నా వైపు వీపు తిప్పి కూర్చుంది.

"నేనింక మెంబర్ను గాను నాయనా. నా చెయ్యి నాకియ్యి."

కాపడం మూట తెమ్మని ఆయమ్మకు చెప్పాను.